యాక్సిలరేటర్ వదిలి గెలిచిన రేసు

2023 ఫిబ్రవరి 11, శనివారం. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున, అప్పటికింకా ప్రారంభోత్సవం కాని కొత్త సచివాలయం పక్కనుంచి ఫార్ములా-ఇ ఎలక్ట్రిక్ కార్లు దూసుకుపోతున్నాయి. సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. ఆఖరి ల్యాపుల్లో ముందున్నది ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్. అతని వెనకే న్యూజిలాండ్‌కు చెందిన నిక్ కాసిడీ. వెర్న్ బ్యాటరీలో కాసిడీ కంటే తక్కువ చార్జింగ్ మిగిలింది. గట్టిగా తొక్కితే గీత దాకా కారు రాదు, మెల్లగా పోతే వెనకవాడు దాటేస్తాడు. చివరికి అర సెకను కూడా లేని తేడాతో వెర్నే గెలిచాడు.

రేసంటే ఎవరు ఎక్కువ తొక్కితే వాళ్లదే అనుకుంటాం. ఇక్కడ మాత్రం కాలు ఎప్పుడు తీయాలో తెలిసినవాడిదే పైచేయి. నాటి కార్లన్నిటికీ చాసిస్ ఒక్కటే, బ్యాటరీ ఒక్కటే, టైర్లూ ఒక్కటే. రేసులో వాడుకోనిచ్చే కరెంటు 40 యూనిట్ల లోపు. మన ఇంటి మీటరులో తిరిగే యూనిట్లే అవి. ఓ మధ్యతరగతి ఇంటికి పది రోజులు కూడా రావు. వాటితో 90 కిలోమీటర్ల పైచిలుకు దూరం గాలిని చీల్చుకుంటూ పరుగెత్తాలి.

అసలు శత్రువు ఆ గాలే. గాలి ఎదురుబలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 200 కిలోమీటర్ల నుంచి 160కి తగ్గితే వేగం తగ్గింది ఐదో వంతే, కానీ కిలోమీటరుకు గాలి తినే శక్తి 36 శాతం పడిపోతుంది. అందుకే డ్రైవర్లు మలుపు ఇంకా దూరంగా ఉండగానే కాలు ఎత్తేసి, కారును దాని ఊపు మీద పోనిస్తారు. పోయే సమయం రెప్పపాటు, మిగిలే కరెంటు మాత్రం చెప్పుకోదగ్గంత.

ఇంకో ఉపాయం ముందుకారు నీడలో దాక్కోవడం. దీని కథ చెప్పాలంటే అమెరికా వెళ్లాలి. 1960 ఫిబ్రవరిలో డేటోనాలో జరిగిన 500 మైళ్ల స్టాక్ కార్ రేసులో జూనియర్ జాన్సన్ నడిపిన షెవ్రొలే కారు, పోటీలోని పాంటియాక్‌ల కంటే బాగా నెమ్మది. ప్రాక్టీసులో ఓ పాంటియాక్ తోకకు అతుక్కుని పోతే దాంతో సమానంగా పరుగెడుతోందని అతను గమనించాడు. ముందుకారు గాలిని తోసేస్తే దాని వెనక పీడనం తగ్గిన సుడి ఏర్పడుతుంది. ఆ సుడిలో దూరినవాడికి ఎదురుగాలి తక్కువ. రేసంతా అలాగే నడిపాడు. చివర్లో ముందున్న బాబీ జాన్స్ కారు వెనక అద్దం ఊడి గాల్లోకి ఎగిరిపోయింది. కారు గిర్రున తిరిగింది. జాన్సన్ గెలిచాడు. అద్దాన్ని ఊడబెరికిందీ ఆ పీడనాల తేడానే!

హైదరాబాద్‌లో కాసిడీకి దొరికిన సౌకర్యం కూడా ఇదే. గాలి దెబ్బంతా వెర్న్ కాశాడు. అయినా దారి ఇవ్వలేదు, ఎందుకంటే వీధి ట్రాక్‌లో దాటే చోట్లు తక్కువ. జాగ్వార్ జట్టును అడిగితే తెలుస్తుంది: అందరికంటే ముందు, పోల్ పొజిషన్‌లో బయల్దేరిన మిచ్ ఇవాన్స్‌ను హెయిర్‌పిన్ మలుపులో సొంత జట్టువాడు సామ్ బర్డే గుద్దాడు, ఇద్దరి రేసూ అక్కడే ముగిసింది. మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యుయెమికి పవర్ పరిమితి మించినందుకు 17 సెకన్ల పెనాల్టీ పడింది. ఈ ఆటలో కరెంటు కాపలా అంత కఠినం.

ఇక బ్రేకు సంగతి. హైదరాబాద్‌లో పరుగెత్తిన ఆ కార్ల వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేకుండా రూపొందించారు. వేగం తగ్గించే పని మోటార్లది. డ్రైవర్‌తో కలిపి సుమారు 850 కిలోల కారు గంటకు 216 కిలోమీటర్ల నుంచి 72కి తగ్గిందనుకుందాం. ఆ తేడాలో ఉన్న గతిశక్తి 0.38 యూనిట్, అంటే 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ ఐదు గంటలు తిరిగేంత. మోటార్లు గరిష్ఠంగా 600 కిలోవాట్ల చొప్పున దాన్ని లాక్కోగలవు కాబట్టి రెండున్నర సెకన్లలోపే పని పూర్తి. నష్టాలు పోను మిగతాది బ్యాటరీలోకి.

మోటారే జనరేటర్ కావడం నల్లగొండ, పాలమూరు వాళ్లకు కొత్త కాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఒకటి 110 మెగావాట్ల మామూలు యూనిట్. మిగిలిన ఏడూ 100.8 మెగావాట్ల చొప్పున రివర్సిబుల్ రకం. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరూ 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లే. నీళ్లు కిందికి దూకితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే అవే నీళ్లను పైకి తోడతాయి. శ్రీశైలం యూనిట్ ఒక్కటి, రేసుకారు బ్రేకుకు 250 రెట్లు. సూత్రం మాత్రం ఒక్కటే: అయస్కాంత క్షేత్రంలో తీగచుట్టకు కరెంటు ఇస్తే తిరుగుతుంది, దాన్ని మనమే తిప్పితే కరెంటు పుడుతుంది. 1873లో వియన్నా ప్రపంచ ప్రదర్శనలో గ్రామ్ అనే ఆయన పేరు మీదున్న డైనమో ఒకదాని నుంచి ఇంకోదానికి కరెంటు పంపి, రెండోదాన్ని మోటారుగా తిప్పి చూపించారు. దాంతో నడిపిందీ నీళ్ల పంపునే.

రేసు అయిన మూడు నెలలకు, 2023 మే 16న, హైదరాబాద్-విజయవాడ మధ్య ఆర్టీసీ ఈ-గరుడ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. చిట్యాల, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిలో డ్రైవర్ కాలు తీసిన ప్రతిసారీ బస్సు కొంత తిరిగి సంపాదించుకుంటుంది. దిగుడు రాగానే న్యూట్రల్‌లో వేసి డీజిల్ మిగిల్చామనుకునే పాత అలవాటుకు ఇక్కడ చోటు లేదు. అలా చేస్తే రావాల్సిందీ రాదు.

అయితే చిక్కు బ్యాటరీ దగ్గరే ఉంది. చార్జింగ్ మరీ వేగంగా ఎక్కిస్తే లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి దూరే తీరిక లేక పైన లోహంగా పేరుకుంటాయి. సెల్ ఆయుష్షు తగ్గుతుంది. 2023 మే 6న మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం సెల్ పరిశ్రమకు శంకుస్థాపన చేసింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అన్నారు. ఇలా లోహం పేరుకోకుండా చూడటం, సెల్ తయారుచేసే ఎవరికైనా తప్పని పరీక్షల్లో ఒకటి.

నిండిన బ్యాటరీది ఇంకో తంటా. దానిలోకి ఇంకేమీ ఎక్కదు. మన్ననూరు దాటి నల్లమల ఘాట్ మీదుగా శ్రీశైలం డ్యాం వైపు దిగే దారిలో, 15 టన్నుల బస్సు ఎత్తులో ప్రతి 100 మీటర్లు దిగినప్పుడల్లా 4 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. డీజిల్ బస్సులో ఆ శక్తిలో చాలాభాగం బ్రేకుల వేడిగా, కాలిన లైనర్ల వాసనగా పోతుంది. ఎలక్ట్రిక్ బస్సు పైన నూటికి నూరు శాతం చార్జ్ చేసుకుని బయల్దేరినా అదే గతి. ఘాట్ పైన చార్జింగ్ స్టేషన్ పెట్టేవాళ్లు పది, పదిహేను శాతం ఖాళీ వదిలి పంపేలా లెక్క వేసుకోవాలి.