తెర అక్కర్లేని కంప్యూటర్

బిట్‌కాయిన్ తవ్వకం (మైనింగ్) పుట్టింది విండోస్ మీద. 2009 జనవరిలో సతోషి నకమోటో అనే మారుపేరుతో బయటికొచ్చిన మొదటి ప్రోగ్రామ్‌ను విండోస్ కోసమే రాశారు. లినక్స్ వాడేవాళ్లు ఆ డిసెంబరులో 0.2 వెర్షన్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. మరుసటి ఏడు లాస్లో హాన్యెట్జ్ దాన్ని మ్యాక్‌కి అందించాడు. 10,000 బిట్‌కాయిన్లిచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నది ఈయనే. పిజ్జా సంగతి అందరూ చెప్తారు. లెక్కల పనిని ప్రాసెసర్ మీంచి గ్రాఫిక్స్ కార్డు మీదికి మొదట మళ్లించిన వాళ్లలో ఆయనొకడన్న సంగతి మాత్రం వెనకబడిపోయింది. నా దృష్టిలో అసలు మలుపు అదే.

తవ్వకంలో పెద్ద తెలివేమీ లేదు. ఒకటే సూత్రం, ప్రతిసారీ ఒక కొత్త అంకె. జవాబు నిర్ణయించిన హద్దు కంటే తక్కువ వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేసి చూడటమే. వందలూ వేలూ చిన్న లెక్కల్ని ఒకేసారి చేయగల గ్రాఫిక్స్ కార్డుకి ఇది చేతనైన పని. బిట్‌కాయిన్‌ను 2013 నుంచి దానికోసమే చేసిన చిప్పులు ఎగరేసుకుపోయాయి గానీ, 2015 జులైలో మొదలైన మరో క్రిప్టో కరెన్సీ ఇథీరియం కార్డులకి మళ్లీ గిరాకీ తెచ్చింది. ఇనుప చట్రానికి ఆరేసి కార్డులు వేలాడదీసి, రైజర్ కేబుళ్లతో ఒక మదర్‌బోర్డుకి కలిపితే రిగ్గు. దానికి తెర, కీబోర్డు, మౌసు ఏవీ అక్కర్లేదు.

అలాంటి రిగ్గు ఒకటి నెల్లూరు జిల్లా అల్లూరులో పెట్టారనుకుందాం. ఒక పక్క ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. గాలిలోనే ఉప్పు. రోహిణి కార్తెలో గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రొయ్యల గుంటకి రాత్రిపూట కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోయి, ఆక్సిజన్ అందక పంట పోతుంది, అందుకే జనరేటరు పెట్టుకుంటారు. రిగ్గుకి అంత గండం లేదు, ఆగినంతసేపూ రాబడి ఉండదు, అంతే. కాబట్టి ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమ్‌లో చూడాల్సిన మొదటి గుణం కరెంటు రాగానే ఎవరూ ముట్టుకోకుండా లేచి పనిలో పడటం. బయోస్‌లో ఒక సెట్టింగు మారిస్తే యంత్రం దానంతటదే ఆన్ అవుతుంది. ఆ తర్వాతి పని సిస్టమ్‌ది.

విండోస్ ఇక్కడే తడబడుతుంది. పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది, లేదా అర్ధరాత్రి అప్‌డేట్ పేరుతో తనే రీస్టార్ట్ అవుతుంది. ఇవి తిప్పలుపడి ఆపుకోవచ్చు. మెమరీ సంగతి అలా కాదు. ఇథీరియం తవ్వాలంటే ప్రతి కార్డూ ఒక పెద్ద డేటా ఫైలును తన మెమరీలోనే పెట్టుకోవాల్సి వచ్చేది. మొదట్లో అది 1 జీబీ. ప్రతి 30,000 బ్లాకులకీ సుమారు 8 ఎంబీ పెరుగుతూ 2020 డిసెంబరుకి 4 జీబీ దాటింది. విండోస్ 10 కార్డు మెమరీలో కొంత భాగం తన అవసరాలకి అట్టిపెట్టుకుంటుంది. అందుకే 3 జీబీ కార్డులు విండోస్ 10 కింద ముందే చేతులెత్తేశాయి. అవే కార్డులు లినక్స్ కింద ఇంకొంతకాలం సంపాదించాయి. ఆ ఫైలు పెరిగేకొద్దీ విండోస్‌లో తవ్వకం వేగం పడిపోతోందని 2017 ఆగస్టులో ఏఎండీ కంపెనీ దీనికోసమే ఒక ప్రత్యేక డ్రైవర్ కూడా విడుదల చేసింది.

ఈ సందులోంచే ఈథ్‌ఓఎస్, హైవ్‌ఓఎస్, రేవ్‌ఓఎస్ లాంటివి వచ్చాయి. పైకి పేరేదైనా లోపలుండేది లినక్సే. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కాయిన్లు చేరాల్సిన వాలెట్ అడ్రసు రాసి, రిగ్గుకి గుచ్చితే చాలు. కార్డుల వేడి, ఫ్యాన్ల వేగం, వాట్లు ఫోన్లో కనిపిస్తాయి. ఏ కార్డైనా బిగుసుకుపోతే వాచ్‌డాగ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాత్రి కావలివాడిలా కనిపెట్టి యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తుంది.

అలాగని లినక్స్ అనగానే ధీమాగా పడుకోవడానికి లేదు. 2017 నవంబరులో బిట్‌డిఫెండర్ సంస్థ ఒక దొంగ బాట్‌ను బయటపెట్టింది. ఈథ్‌ఓఎస్‌తో పాటు వచ్చే పాస్‌వర్డును మార్చుకోని రిగ్గుల్ని ఇంటర్నెట్‌లో వెతికి, లోపలికి దూరి, యజమాని వాలెట్ అడ్రసు తీసేసి తనది పెడుతుంది. రిగ్గు మాత్రం మామూలుగానే తిరుగుతుంది. కరెంటు బిల్లు మనది, కాయిన్లు వాడివి.

నన్నడిగితే, పగలు గేములు ఆడుకునే ఒంటి కార్డు కంప్యూటర్‌కి విండోస్ చాలు. నాలుగు కార్డులు దాటితే లినక్స్ మేలు. కానీ అల్లూరులో అసలు తీర్పు మీటరుది. ఆర్‌ఎక్స్ 580 కార్డులు ఆరు, ఒక్కోటి 120 వాట్లు, మిగతా సరంజామా కలిపి 850 వాట్లనుకుంటే రోజుకి 20 యూనిట్లు, నెలకి 600 పైమాటే. 2022 టారిఫ్‌లో ఇంటి మీటరు మీద 400 యూనిట్లు దాటితే యూనిట్ 9.75 రూపాయలు. ఏ సిస్టమ్ వేసినా వాట్లు కొంత తగ్గుతాయి తప్ప స్లాబు తగ్గదు. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను వేసింది. తవ్వే యంత్రాల ఖర్చును అందులోంచి తీసివేయడం కుదరదని కూడా తేల్చింది. చివరికి 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తవ్వకాన్నే వదిలేసింది.

అప్పటి కార్డులు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి. సముద్రం దగ్గర తిరిగిన కార్డైతే పిన్నుల మీద పచ్చటి చిలుం ఉందేమో, ఫ్యాన్ గరగరమంటుందేమో చూడాలి. ఇంకో చిక్కుంది. తవ్వకం వేగం కోసం చాలామంది ఏఎండీ కార్డుల బయోస్‌నే మార్చి రాశారు. లినక్స్ ఆ మార్పుని పట్టించుకోలేదు. విండోస్ డ్రైవర్ మాత్రం సంతకం సరిపోలక కార్డును పక్కన పెడుతుంది. కార్డు చెడిపోయిందని తిరిగిచ్చేసే ముందు అంచున చిన్న స్విచ్ ఉందేమో వెతకండి. కొన్ని మోడళ్లలో రెండు బయోస్‌లుంటాయి, రెండోదాన్ని ఎవరూ ముట్టుకుని ఉండకపోవచ్చు. స్విచ్ లేకపోతే ఆ మోడల్ అసలు బయోస్ ఫైలును తిరిగి ఎక్కించాలి.