ఇంజను ఆగితే బ్రేకు ఎందుకు బిగుసుకుపోద్ది?

ఘాట్ దిగీటప్పుడు ఇంజను ఆపీసి, బండిని న్యూట్రల్లో వదిలీసే అలవాటు మన కొండల్లో చాలామందికి ఉంది. గాలికొండ దాటాక బండి దానంతటదే దిగుద్ది కదా, పెట్రోలెందుకు తగలెయ్యాల అంటారు. తమ్ముళ్లూ, ఆ లెక్కలో ఒకటి మర్చిపోతున్నారు. పవర్ బ్రేకు ఉన్న బండిలో మీ కాలు పెట్టే బలం తక్కువ, ఇంజను ఇచ్చే బలం ఎక్కువ. ఇంజను ఆపీడమంటే బ్రేకుకి ఉన్న తోడుని పైనే దింపీసి రావడం.

బానెట్ ఎత్తి చూడండి. చాలా బండ్లకి డ్రైవర్ ఎదురుగా ఉండే గోడకి, బోర్లించిన గిన్నెలాగ నల్లటి రేకు డబ్బా ఒకటి ఉంటాది. అదే బూస్టర్. దాని లోపల అడ్డంగా రబ్బరు పొర ఉంటాది. ఇంజను తిరుగుతున్నంతసేపు ఒక గొట్టం ద్వారా డబ్బాలో గాలిని పీల్చీస్తాది. మనం పెడల్ తొక్కగానే పొరకి వెనక పక్క మాత్రం బయటి గాలి దూరుద్ది. ముందు గాలి లేదు, వెనక ఉంది కాబట్టి పొర ముందుకి నెట్టుకుపోద్ది. ఆ తోపే మన కాలికి తోడు. పెట్రోల్ బండిలో ఇంజనే నేరుగా పీలుస్తాది. డీజిల్ జీపుల్లో దీనికని చిన్న వాక్యూమ్ పంపు ఉంటాది, చాలావాటిలో ఆల్టర్నేటర్ వెనకే. అన్నట్టు, అరకు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డు కంటే పదోవంతు తక్కువ, ఆ మేరకి బూస్టర్ తోపూ తక్కువే.

ఇంజను ఆగితే డబ్బాలో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకి సరిపోద్ది. ఆ తర్వాత పెడల్ రాయిలాగైపోద్ది. బ్రేకు ఆయిలు ఉంది, గొట్టాలు బాగున్నాయి, అయినా బండి ఆగదు. కంగారులో చేతిపంపు కొట్టినట్టు టపటపా తొక్కితే ఉన్నది కాస్తా అయిపోద్ది.

దీనికి తిరగేసిన రోగం ఇంకోటుంది. మా వైపు ఒక పాత పెట్రోల్ వ్యాను, బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజను వణికి ఆగిపోయేది. కింద మైదానంలో ఒక షెడ్డుకి తోలుకెళ్తే ప్లగ్గులు మార్చారు, కార్బొరేటర్ విప్పారు, డబ్బులు తీసుకున్నారు. రోగం అలాగే ఉంది. బూస్టర్ లోపల పొర చిరిగిపోయింది, అంతే. పెడల్ తొక్కగానే ఆ చిరుగులోంచి లెక్కకి మించిన గాలి ఇంజనులోకి దూరుతోంది, పెట్రోల్ పలచబడి ఇంజను చస్తోంది. ఇంజను చచ్చాక బూస్టర్‌కి వాక్యూమ్ లేదు. ఒక చిరుగు ఇంజనునీ బ్రేకునీ రెంటినీ తీసుకుపోయింది. ఇది పెట్రోల్ బండి సంగతి. డీజిల్ బండిలో పొర చిరిగితే ఇంజను మామూలుగా ఆగదు, పెడల్ మాత్రం గట్టిపడుద్ది. అందుకే డీజిల్ జీపులో ఇది ఇంకా ఆలస్యంగా బయటపడుద్ది.

పరీక్షకి పైసా ఖర్చులేదు. చదునుగా ఉన్నచోట బండి పెట్టి చక్రాలకి రాళ్లు వెయ్యండి. ఇంజను ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కండి. తర్వాత కాలు అలాగే నొక్కిపెట్టి స్టార్ట్ చెయ్యండి. పెడల్ కాలికింద కొంచెం దిగాల. దిగలేదా, బూస్టర్ పని చెయ్యట్లేదు. దిగితే ఒక నిమిషం నడిపి ఆపీయండి, కాసేపాగి మళ్లీ తొక్కండి. మొదటి తొక్కుడు లోతుగా, తర్వాతవి పైపైన ఉండాల. మొదటిదే గట్టిగా ఉంటే ఎక్కడో గాలి దూరుతోంది. పెడల్ దగ్గర తాచుపాము బుసలాగ ఆగకుండా శబ్దం వస్తుంటే పొరని అనుమానించండి. ఖాయం చేసుకోవాలంటే, బూస్టర్‌కి వెళ్లే గొట్టాన్ని గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కి పట్టుకోండి. ఇంజను కుదురుకుంటే దొంగ దొరికాడు, మారకపోతే ఇంజను రోగం వేరు. గొట్టమే చీలిపోయుంటే పెట్రోల్ పైపు ముక్క వేసీకండి. పీల్చుడికి అది లోపలికి నలిగి మూసుకుపోద్ది. వాక్యూమ్‌కి చేసిన గట్టి గొట్టమే అడగండి.

పెడల్ మెత్తగా నేలదాకా పోతే బూస్టర్‌ని తిట్టకండి. అది ఆయిలు కారడమో, గాలి చేరడమో, ఆయిలు మరగడమో. ఒకటిన్నర టన్నుల బండి 900 మీటర్లు దిగితే, ఆ బరువు దిగడం వల్ల వచ్చే శక్తి నలభై లీటర్ల నీళ్లు మరగబెట్టడానికి చాలు. గేరులో దిగితే అందులో చాలా భాగాన్ని ఇంజను పట్టుకుంటాది. న్యూట్రల్లో దిగితే గాలి ఆపేది పోను మిగిలిందంతా బ్రేకుల మీదే. బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీలుస్తాది. డాట్ 3 ఆయిలు కొత్తప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. మన వానల్లో రెండేళ్లకి మించి దాన్ని నమ్మకండి.

దిగుతుంటే ఇంజను ఆగిపోతే తాళం తీసీకండి, స్టీరింగ్ లాక్ పడుద్ది. క్లచ్ వదిలి గేరులోనే ఉంచండి, చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. తిరుగుతున్నంతసేపు ఎంతోకొంత వాక్యూమ్ వస్తానే ఉంటాది. పెడల్ ఒక్కసారి తొక్కి, అవసరమైతే రెండు కాళ్లతో, వదలకుండా నొక్కిపెట్టండి. హ్యాండ్‌బ్రేకు ఒక్కసారిగా లాగకుండా మెల్లగా బిగించండి. ఇంకా ఆగకపోతే కొండవైపు మట్టిగట్టుకి రాసీయండి. డోరు పోతే పోనీ.

2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. బ్రేకులు ఫెయిలయ్యాయన్న మాటే అప్పుడు అందరి నోటా వినిపించింది. పెద్ద బస్సులకి ఎక్కువగా గాలి బ్రేకులుంటాయి, వాటి పద్ధతి వేరు. కానీ బ్రేకు ఫెయిల్ అని ఊరుకోవడం, జ్వరమొచ్చింది అని ఊరుకోవడం లాంటిదే. మలేరియానా టైఫాయిడా చూడొద్దా? మన దగ్గర ఓవర్‌లోడ్, డ్రైవర్ నిర్లక్ష్యం అని రాసీసి ఫైలు మూసీస్తారు.

పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. తెల్ల బోర్డు సొంత బండికి పదిహేనేళ్ల దాకా ఆ పరీక్షే లేదు, తర్వాత ఐదేళ్లకోసారి. బస్సు రాని ఊళ్లలో జనాన్ని సంతకీ ఆస్పత్రికీ మోస్తున్నవి చాలావరకు మైదానంలో వాడి వదిలీసిన ఈ తెల్ల బోర్డు బండ్లే. వాటిని నిషేధించీమంటే రేపు గర్భిణిని ఎవడు మోస్తాడు? డోలీయే గతి. నేనడిగేది వేరు. పాడేరు ఐటీడీఏ, రవాణా శాఖ కలిసి సంత రోజున, సంత దగ్గరే బ్రేకులు చూసే శిబిరం పెట్టాల. ఆ రోజు ఫైన్లు రాయకూడదు, రాస్తారంటే ఒక్క బండీ రాదు. ఐటీఐ చదివిన మన గుంటలకి ఈ పరీక్షలు నేర్పితే చాలు, వాళ్లే చేస్తారు.

ఈలోగా మీ పంచాయతీలో బ్రేకు తొక్కితే ఇంజను ఆగిపోతున్న బండ్లు, పెడల్ రాయిలాగున్న బండ్లు, నేలదాకా పోతున్న బండ్లు ఎన్నున్నాయో రాసి పెట్టండి. నంబర్లు, పేర్లు వద్దు. రోగం, బండి వయసు, ఏ ఘాట్‌లో తిరుగుతోంది, అంతే. గ్రీవెన్సు రోజున అర్జీకి ఆ కాగితం జత చేసి ఇద్దాం.