మానసిక రోగుల పరిచర్య

వేములవాడ రాజరాజేశ్వరస్వామి దేవాలయమునకు వచ్చు యాత్రికులలో వ్యాధినివారణకై మ్రొక్కుకొనినవారు ఎందఱో కలరు. ధర్మగుండమున స్నానమాడి, కోడెమ్రొక్కు చెల్లించి, ఆ ఆవరణములోనే యున్న దర్గాకును మ్రొక్కి పోవుట ఈ ప్రాంతమున తరతరములనుండి వచ్చుచున్న ఆచారము. తనలో తాను మాటలాడుకొనుచున్న కుమారుని చేయి విడువక పట్టుకొని నడపించు తల్లిని చూచినచో, ఆ కుటుంబము ఎన్ని రాత్రులు నిద్రలేక గడపెనో ఊహింపవచ్చును. ఆ చేయి పట్టుకొను పనినే వృత్తిగా స్వీకరించినవారు మానసిక వైద్యశాలలలోని నర్సులు. మన విద్యార్థులలో నర్సుపని నేర్వగోరువారు పలువురున్నను, ఈ శాఖ పేరు చెప్పగానే ముఖము త్రిప్పుకొందురు. “పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా? పెండ్లి యెట్లగును?” అని ఇంటివారును అడుగుదురు. కావున ఆ పని యెట్టిదో, దానివలన కలుగు ఫలమేమో కొంచెము వివరించెదను.

నిజాము రాజ్యమున మతి చలించినవారిని పూర్వము జాల్నాలో నుంచెడివారు. ఆ వైద్యశాల 1953లో హైదరాబాదులోని ఎఱ్ఱగడ్డకు మారినది. నాటినుండి ఆ పేట పేరే మనవారికి ఎగతాళిమాట యైనది. ఆ మాట నాడి నవ్వువారిలో లోపలికి పోయి చూచినవారు అరుదు.

పారిసు నగరపు బిసేత్రు వైద్యశాలలో 1797లో రోగుల ఇనుపసంకెళ్లు తీయించిన ప్యూసిన్ అను నతడు వైద్యుడు కాడు; గండమాలవ్యాధికి అచ్చటనే చికిత్స పొంది, పిమ్మట అచ్చటనే పనికి కుదిరిన పర్యవేక్షకుడు. కీర్తి మాత్రము చాలకాలము పినెల్ అను వైద్యునికే దక్కినది! మన దేశమున సంకెళ్లు ఇంకను చాలకాలము నిలిచినవి. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదము జరుగగా, గొలుసులతో కట్టబడిన రోగులు 25 మందికి పైగా పారిపోలేక మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో బంధించుటను నిషేధించినది. గొలుసు తీసినచోట నిలువవలసినది నర్సు.

వైద్యుడు రోగియొద్ద కొన్ని నిమిషములుండును. నర్సులు వంతులవారిగా పగలును రేయియు నుందురు. రోగి ఎన్ని గంటలు నిద్రించెనో, అన్నము ముట్టెనో లేదో, మాత్ర మ్రింగెనో బుగ్గన దాచెనో చూచి వ్రాయువారు వారే. “నా అన్నములో విషము కలిపినారు” అని రోగి పలికినప్పుడు వాదించుట వ్యర్థము, ఔనని తలయూపుట మోసము. “నీకు భయముగా నున్నదని నాకు తెలియుచున్నది, నేనిచ్చటనే యుందును” అని ప్రక్కన కూర్చుండవలెను. చెప్పుటకిది సులభము, తిట్లును, ఒక్కొక్కప్పుడు దెబ్బలును సహించి అర్ధరాత్రమున చేయుట సులభము కాదు. ఈ కష్టమును దాచి ఎవరిని ఈ పనికి పిలువరాదు.

ఇక ఫలము. కల్తీకల్లునకో సారాయమునకో మరగినవాడు హఠాత్తుగా మానినచో, రెండుమూడు దినములలో చేతులు వణకును, లేని పురుగులను ఒంటిమీదనుండి దులుపుకొనును, కన్నబిడ్డలనైనను గుర్తింపకపోవచ్చును. 2020 మార్చిలో కరోనా వలన దుకాణములు మూయబడినప్పుడు ఇట్టివారు ఎఱ్ఱగడ్డకు పెద్దసంఖ్యలో వచ్చిరి. సకాలమున చికిత్స అందినచో పలువురు కొలదిదినములలోనే తెలివినొంది, “నేనెచ్చట నున్నాను?” అని అడుగుదురు. స్కిజోఫ్రీనియా వంటి దీర్ఘవ్యాధిలో మేలు ఇంత త్వరగా కనబడదు. 1952లో క్లోర్‌ప్రోమజీన్ అను మందు వాడుకకు వచ్చినది మొదలు మంచి ఔషధములు లభించుచున్నను, వారములును నెలలును పట్టును. మొదట నిద్ర వచ్చును. పిమ్మట ఒకనాడు దువ్వెన అడుగును. మఱియొకనాడు ప్రక్క మంచమువాడు అన్నము తినలేదని తానే వచ్చి చెప్పును. దువ్వెన అడుగుట మనకు లెక్కలోనిది కాదు. ఆ వార్డులో అది పండుగ.

సమాధులలో వసించుచు గొలుసులు తెంపుకొనిన గెరాసేనుల దేశపు మనుష్యుని కథ మన పాఠశాలలో అందఱెఱిగినదే. అతడు బట్టలు కట్టుకొని స్వస్థబుద్ధితో కూర్చుండుట చూచి జనులు సంతోషింపక భయపడిరి. ఆ భయము నేటికిని పోలేదు. నయమైనవానిని కొనిపోవుటకు రాని బంధువులు కలరు. వారికి కబురంపి, రప్పించి, మాత్రలు మానరాదని బోధించి రోగిని ఇల్లు చేర్చుట నర్సు పనిలో పెద్దభాగము. కొందఱు వ్యాధి తిరుగబెట్టి మరల వత్తురు. కోలుకొనినవాడు బజారులో ఎదురైనప్పుడు తల వంచుకొని పోవుటయు కలదు. తన చెడ్డదినములెఱిగిన వారిని తప్పించుకొనగోరుట సహజమే. వాని చేతిలో కూరగాయల సంచి యున్నచో, నర్సునకు అది చాలును.

ఇంటర్మీడియట్ పిమ్మట మూడేండ్ల జి.ఎన్.ఎం. గాని నాలుగేండ్ల బి.యస్సీ. నర్సింగు గాని చదువువారందఱును మానసిక వార్డులో కొంతకాలము పని నేర్చుకొందురు, బాలురును చేరవచ్చును. ప్రత్యేకశిక్షణకు బెంగుళూరులోని నిమ్‌హాన్సు వంటి సంస్థలు కలవు. పెండ్లి సంగతి యందురా, ప్రభుత్వోద్యోగమనగానే పెండ్లివారు వార్డు పేరు అడుగరు. ఆ వార్డులో కొన్ని వారములు గడపినచో, ఈ పని తమకు తగునో తగదో ఎవరికి వారే తెలిసికొందురు.