ఆల్కో మోత, పల్నాటి పట్టాలు

పాత డీజిల్ ఇంజన్లలో రైలు అభిమానులు ఇష్టపడేవన్నీ దాదాపుగా ఇంజనీర్లు లోపాల పద్దులో రాసుకున్నవే. బండి కదిలేటప్పుడు గుప్పుమని లేచే నల్లపొగ, స్టేషన్లో ఊరికే నిలబడి ఉన్నా ప్లాట్‌ఫారాన్ని అదరగొట్టే మోత, శక్తి అందుకోవడంలో కాస్త ఆలస్యం, ఆ ఆలస్యంలోంచి సన్నగా మొదలై చెవులు గింగురుమనేదాకా పెరిగే ఈల. కొత్త ఇంజన్లలో ఇవి లేవు, ఉన్నా పేరుకే. మన దేశంలో ఈ అభిమానం ప్రధానంగా ఒకే ఇంజన్ల వంశాన్ని పట్టుకుని ఉంది. దాని పేరు ఆల్కో.

ఈ ఇంజన్లను తీరిగ్గా వినడానికి పల్నాడు చాలాకాలం అనువైన చోటుగా ఉండిపోయింది. ఇక్కడ ఉన్నవి ప్రధానంగా మూడు దారులు. నరసరావుపేట, వినుకొండల మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు లైను ఒకటి. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి దాటి, పొందుగుల దగ్గర కృష్ణను దాటి నల్గొండ జిల్లాలోకి వెళ్లే సికింద్రాబాద్ దారి రెండోది. నడికుడిలో విడిపోయి గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లలో ముగిసే శాఖ మూడోది. గుంతకల్లు లైను 19వ శతాబ్దం చివర మీటరు గేజిగా పుట్టింది. గుంటూరు–మాచర్ల లైను కూడా మొదట మీటరు గేజే. 1980ల చివరి నుంచి 1990ల దాకా బీబీనగర్–నడికుడి కొత్త లైను రావడం, పాత లైన్లు బ్రాడ్ గేజికి మారడం వరుసగా జరిగాయి. కరెంటు తీగలు మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లకు గానీ రాలేదు. ఆ మధ్యకాలమంతా ఇక్కడ డీజిల్‌దే రాజ్యం.

ఆల్కో అమెరికా కంపెనీ. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో దాని కర్మాగారం. 1962లో అక్కడి నుంచి భారత రైల్వేకు డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు వచ్చాయి. పేరులో డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్రయాణికుల బండికీ గూడ్సుకూ రెంటికీ పనికొచ్చేది. పదహారు సిలిండర్లు, 2,600 హార్స్ పవర్, 112 టన్నులకు పైగా బరువు, గంటకు 120 కిలోమీటర్ల వేగం. 1964లో వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ ఇదే ఇంజన్‌ను ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టింది. మీటరు గేజి పట్టాల కోసం ఇదే వంశపు ఆరు సిలిండర్ల తమ్ముడు వైడీఎం-4 వచ్చింది. విచిత్రం ఏమిటంటే, పుట్టింట్లో ఆల్కో 1969లోనే ఇంజన్ల తయారీ ఆపేసింది. వారణాసి మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఆ నమూనాను సానబెడుతూ పోయింది. 3,100 హార్స్ పవర్ డబ్ల్యూడీఎం-3ఏ, గూడ్సుల కోసం డబ్ల్యూడీజీ-3ఏ, 3,300 హార్స్ పవర్ డబ్ల్యూడీఎం-3డీ అలా వచ్చినవే. ఒక్క డబ్ల్యూడీఎం-2లే రెండున్నర వేలకు పైగా తయారయ్యాయి.

అభిమానులు ఎక్కువగా మాట్లాడుకునేది శబ్దం గురించి. ఆ శబ్దానికి మూలం ఆల్కో 251 అనే ఇంజన్. అది ఫోర్ స్ట్రోక్ యంత్రం, అంటే ఒక్కో సిలిండరులో ఇంధనం రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు డబ్ల్యూడీఎం-2 ఇంజన్ నిమిషానికి సుమారు 400 చుట్లు తిరుగుతుంది, పూర్తి శక్తిలో 1,000. సిలిండరు లెక్కన చూస్తే పూర్తి శక్తిలో కూడా నిమిషానికి 500 పేలుళ్లే. ఒక్కో సిలిండరు తొమ్మిది అంగుళాల వెడల్పున్నది కావడంతో పేలుడు చిన్నదేమీ కాదు. అందుకే ఆ మోతలో తాళం ఉన్నట్టనిపిస్తుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య జాగా ఉన్నట్టు చెవికి తెలుస్తుంది. 1999 నుంచి దిగుమతై, తర్వాత వారణాసిలోనే తయారైన ఈఎండీ అనే మరో కంపెనీ నమూనా ఇంజన్లు టూ స్ట్రోక్ రకం. వాటిలో ప్రతి చుట్టుకూ పేలుడు ఉంటుంది, పూర్తి శక్తిలో సిలిండరుకు నిమిషానికి దాదాపు 900. దెబ్బలన్నీ కలిసిపోయి ఒకే గుంయ్‌మనే నాదంగా వినిపిస్తాయి. 4,000 హార్స్ పవర్ ఉన్న ఈఎండీ అన్ని లెక్కల్లోనూ మెరుగైన యంత్రమే. ఆ సంగతి ఆల్కో అభిమానులూ కాదనరు.

పొగ సంగతి కూడా యంత్రం లోపలి కథే. లోకో పైలట్ చేతిలోని థ్రాటిల్‌కు ఎనిమిది మెట్లుంటాయి. రైల్వే భాషలో వాటిని నాచ్‌లంటారు. నాచ్ పెంచగానే ఇంజన్లోకి ఇంధనం వెంటనే ఎక్కువగా పోతుంది. దానికి తగ్గ గాలిని తోయాల్సిన టర్బో మాత్రం ఇంజన్ వదిలే వేడి వాయువుల బలంతోనే తిరుగుతుంది. అది వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాల్లో గాలి చాలక సగం కాలిన ఇంధనమే మసిగా, నల్లటి దుబ్బుగా పైకి లేస్తుంది. టర్బో అందుకునేకొద్దీ పొగ పలచబడుతుంది, ఈల పెరుగుతుంది. నాచ్ పెంచినప్పుడల్లా ఇదే వరస. ఈఎండీలో టర్బోను తక్కువ వేగాల్లో ఇంజనే గేర్ల ద్వారా తిప్పుతుంది కాబట్టి మొదటి నుంచీ గాలికి కొదవుండదు, పొగా తక్కువే. అమెరికాలో ఆల్కోలను సరదాగా ‘గౌరవ ఆవిరి ఇంజన్లు’ అని పిలవడం ఈ పొగ చూసే. ఊపిరితిత్తులకు అది మంచిది కాదన్నది వేరే చెప్పాలా.

మిగతా శబ్దాలు దీని చుట్టూ చేరినవి. చక్రాలను తిప్పే మోటార్ల మూలుగు బండి వేగంతో పాటు పైస్థాయికి పోతుంది. డైనమిక్ బ్రేకు వేస్తే అవే మోటార్లు జనరేటర్లుగా మారి కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటును తీగచుట్లలో వేడిగా ఖర్చుచేస్తారు, ఆ వేడిని చల్లార్చే ఫ్యాను పెట్టే గోల దూరం నుంచి కూడా గుర్తుపట్టేలా ఉంటుంది. రెండు డబ్ల్యూడీజీ-3ఏలను జంటగా కట్టి ఒకే సిబ్బంది నడిపినప్పుడు రెండు ఇంజన్ల వేగాలు కచ్చితంగా ఒకటి కావు. అందువల్ల మోత ఒకసారి ఉబ్బి, ఒకసారి తగ్గి, అలలుగా వస్తుంది. గూడ్సు బళ్ల అభిమానులకు ఇదంటే ప్రత్యేకమైన ఇష్టం.

చూపుకు సంబంధించిన ముచ్చట్లూ తక్కువేమీ కావు. డబ్ల్యూడీఎం-2లో డ్రైవర్ గది ఒక చివరికి దగ్గరగా ఉంటుంది. అటువైపు పొట్టి ముక్కు, ఇటువైపు ఇంజన్ దాక్కున్న పొడవాటి పెట్టె. పొడవైన వైపు ముందుకు పెట్టి నడిపితే డ్రైవరుకు పట్టాలు సరిగా కనిపించవు, అభిమానికి మాత్రం ఫొటో అదే కావాలి. ముక్కు కురచగా, అద్దాలు పెద్దవిగా ఉండే ఒక రకాన్ని వాళ్లు జంబో అంటారు. తెలుగునాట గుత్తి, గుంతకల్లు, కాజీపేట, మౌలాలి, విజయవాడ, విశాఖపట్నం డీజిల్ షెడ్లు ఇంజన్లను పోషించేవి. ఏ ఇంజన్ ఏ షెడ్డుదో పక్కన రాసిన అక్షరాలు చూసి గుర్తుపట్టడం ఈ అభిరుచిలో ఓనమాలు.

ఇక పల్నాడులోనే ఈ ఇంజన్లు ఎందుకంత బాగా వినిపించేవంటే, దానికి కారణం ఒంటి లైను. రెండు బళ్లు ఎదురైతే ఒకటి లూప్ లైన్లో ఆగక తప్పదు. దీన్నే క్రాసింగ్ అంటారు. ప్రయాణికుడికి అది విసుగు. వినేవాడికి అదే కచేరీ. ఆగిన ఇంజన్ మోత మొదట, తర్వాత ఎదురు బండి హారన్, అది దూసుకుపోయాక సిగ్నల్ అందుకుని, నిశ్చల స్థితి నుంచి మొత్తం బండిని లాగుతూ ఒక్కో నాచ్ పెంచుకుంటూ సాగే బయలుదేరడం. నారాయణాద్రి, విశాఖ, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌ల వంటి పొడవాటి బళ్లు నడికుడి దారిన డీజిల్ మీదే నడిచిన కాలమది. పల్నాడు పేరే పెట్టుకున్న గుంటూరు–వికారాబాద్ ఎక్స్‌ప్రెస్ కూడా ఆ దారిదే. అమరావతి, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లు నరసరావుపేట మీదుగా పోయేవి. వాటికి తోడు సిమెంటు, సున్నపురాయి ఉన్న ఈ నేల మీద బరువైన గూడ్సులు. గుంతకల్లు లైను వినుకొండ దాటి ఇంకా పడమరకు పోతే దిగువమెట్ట నుంచి నల్లమల కనుమల్లోకి ఎక్కుతుంది. బొగడ సొరంగం అక్కడిదే. బరువు లాగుతూ ఎత్తెక్కే ఇంజన్‌ను వినాలనుకునేవారు పల్నాడు పొలిమేర దాటి అక్కడిదాకా పోయేవారు.

గత దశాబ్దం చివరి నుంచి ఈ దశాబ్దం మొదటి వరకు ఈ లైన్ల మీద కరెంటు తీగలు దశలవారీగా పడ్డాయి. కరెంటు ఇంజన్ బయలుదేరడం క్షణాల్లో పని, పొగ లేదు, ఖర్చు తక్కువ. గుంటూరు–బీబీనగర్ దారిలో రెండో లైనుకు 2023లో ఆమోదం దొరికింది. అది పూర్తయితే క్రాసింగ్ కోసం పడిగాపులూ తగ్గుతాయి. ఆల్కోలకు మిగిలింది ఎక్కువగా యార్డుల్లో పెట్టెలు అటూ ఇటూ జరిపే పని, పట్టాల మరమ్మతు బళ్లు. వారణాసి కర్మాగారం రెండు డబ్ల్యూడీజీ-3ఏలను విప్పి ఒకే కరెంటు ఇంజన్ జంటగా మార్చింది. 10,000 హార్స్ పవర్ ఉన్న ఆ జంటను 2019 ఫిబ్రవరిలో ప్రధాని ప్రారంభించారు. మరుసటి ఏడాది కర్మాగారం పేరులోంచి డీజిల్ అనే మాటే పోయి, బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయింది. ఇంకా ఓపిక ఉన్న డబ్ల్యూడీఎం-3డీలు కొన్ని బంగ్లాదేశ్‌కు వెళ్లాయి: 2020లో పది, 2023లో ఇరవై.

పాత ఇంజన్లను దాచిపెట్టుకునే విషయంలో బ్రిటన్ అభిమానులు చాలా ముందున్నారు. 1961–62లో తయారైన 22 డెల్టిక్ డీజిల్ ఇంజన్లు 1982 మొదటికల్లా సేవ నుంచి తప్పుకుంటే, ఆరింటిని దక్కించుకున్నారు. వాటిలో కొన్నిటిని ప్రత్యేక రోజుల్లో నడిపిస్తారు, జనం టికెట్ కొనుక్కుని ఆ మోత వినడానికే ఎక్కుతారు. మన దగ్గర 1962లో వచ్చిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్ 18040 ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. దేశంలో మరికొన్ని స్టేషన్ల ముందు, షెడ్ల ముందు దిమ్మెల మీద రంగులు వేయించుకుని నిలబడ్డాయి. ఇంజన్ తిరగని ఆల్కోలో అభిమానులు కోరుకున్నది సగమే ఉంటుంది. ఆ రెండో సగం కోసం వాళ్లు ధ్వని ముద్రణను ఆశ్రయించారు. గాలి నేరుగా తగలకుండా మైకుకు స్పాంజి తొడుగు వేయడం, గేటు దగ్గర కాకుండా మలుపు లోపలివైపు పట్టాలకు బాగా దూరంగా నిలబడడం, బండి వెళ్లిపోయాక కూడా ముద్రణను ఆపకుండా ఉంచడం ఈ పనిలో మామూలు జాగ్రత్తలు. రైల్వే హద్దులోకి అనుమతి లేకుండా దిగితే 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ప్లాట్‌ఫారం టికెట్ కొని స్టేషన్ నుంచే వినడం చవకైన పద్ధతి, ప్రాణానికీ మంచిది.