మత్తుకు లొంగని కావలివాడు

మన నెత్తురులోని తెల్లకణాలలో ఒక తెగకు వేట పుట్టుకతోనే వచ్చిన విద్య. ఎవరూ నేర్పకుండానే అవి చెడిన కణాన్ని పసికట్టి, దాని పొరకు తూట్లు పొడిచి చంపివేస్తవి. 1975లో స్వీడన్ దేశంలో రోల్ఫ్ కీస్లింగ్, ఆయన తోటి శాస్త్రజ్ఞులు వీటికి ‘సహజ హంతక కణాలు’ అని పేరు పెట్టారు.

ఇటువంటి కావలి ఉండగా మెదడులో గ్లయోబ్లాస్టోమా అనే కంతి ఎట్లా పెరుగుతున్నది? అది మహా మొండిది. కోసి తీసివేసినా మళ్లీ మొలుస్తుంది. పైగా టక్కరిది. వేటకణం తనను తాకగానే టి.జి.ఎఫ్. బీటా అనే పదార్థంతో దానికి మత్తు కలిగిస్తుంది. కావలివాడు నిద్రపోతే దొంగకు అడ్డేమున్నది?

ఆ పదార్థం తాళంచెవి వంటిది. వేటకణం మీద దానికి సరిపడే తాళం ఉంటేనే పనిచేస్తుంది. అమెరికాలో హ్యూస్టన్ నగరపు శాస్త్రజ్ఞులు ఆ తాళమే లేకుండా చేయబూనారు. ఆరోగ్యవంతులు ఇచ్చిన నెత్తురులోని వేటకణాలను తీసుకొని, తాళాన్ని తయారుచేసే జన్యువును తొలగించారు. మనిషి కంతిని ఎలుకలలో పెంచి, ఈ కణాలను పంపి చూశారు. అవి మత్తులో పడలేదు. కంతి ఎదుగుదలను అడ్డుకున్నవి. ఈ సంగతి 2021లో ప్రకటించారు.

అయితే, ఎలుకకు పనిచేసినది మనిషికీ పనిచేస్తుందని అనుకోరాదు. మేలు చేస్తుందా, కీడు చేయదా అని రోగుల సమ్మతితో మెల్లగా పరీక్షించాలి. రోగి ఇంటివారికి ఒక్కొక్క రోజూ బరువే. అయినా ఆ ఓర్పు లేనిదే మంచి వైద్యం లేదు.