మొక్కు మొక్కినా మందు మానొద్దు

మనం పలక మీద అ, ఆలు దిద్దుకున్నాం. రాతి పలకలకు పేరుపడ్డ ఊరు మార్కాపురం. ఆ చుట్టుపక్కల గనుల్లో పలకల రాయి తీస్తారు. ఆ రాయి పొరలు పొరలుగా లేస్తుంది. దాని అంచు కత్తిలాగా తెగుతుంది. గనిలో పనిచేసేవాళ్ళకు కాళ్ళకూ చేతులకూ దెబ్బలు తగులుతూనే ఉంటాయి. గిద్దలూరు వైపు పొలానికో, నల్లమల అడవికో పోతే కాలికి ముల్లు దిగుతుంది. "చిన్న దెబ్బే కదా" అని వదిలేస్తాం.

ఒక్కోసారి ఆ చిన్న దెబ్బే మనిషిని మంచాన పడేస్తుంది. అదెట్లాగో చూద్దాం.

దెబ్బ పుండు ఎందుకవుతుంది?

చర్మం మన ఒంటికి కంచె లాంటిది. కంచె తెగితే గొడ్లు చేలో పడతాయి కదా! అట్లాగే చర్మం తెగితే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. అవి కంటికి కనపడవు. మట్టిలో ఉంటాయి. మన ఒంటి మీద కూడా ఉంటాయి. లోపలికి పోయి పెరుగుతాయి. అప్పుడు కాలు ఎర్రబడుతుంది. వాస్తుంది. ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. సలుపుతుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. చలిజ్వరం వస్తుంది. ఆ జబ్బు రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పు.

షుగరు జబ్బు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళకు కాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా తెలియదు. పుండు తొందరగా మానదు.

భార్య నమ్మకం

ఇంటాయనకు కాలు వాచి మంచాన పడ్డాడనుకుందాం. ముందు కూలి ఆగిపోతుంది. తర్వాత అప్పు మొదలవుతుంది. "నా కాలు తీసేస్తారేమో" అని ఆయన లోలోపల కుమిలిపోతాడు. అప్పుడు పక్కన కూచుని ధైర్యం చెప్పేది భార్యే. ఆమెకు ధైర్యం చెప్పేదెవరు? ఆమె దేవుణ్ణి తలుచుకుంటుంది. మార్కాపురం చెన్నకేశవస్వామికి మొక్కుతుంది. శ్రీశైలం మల్లన్నకు ముడుపు కడుతుంది. దర్గాకు పోయేవాళ్ళు దర్గాకు పోతారు. చర్చిలో ప్రార్థన చేసేవాళ్ళు ప్రార్థన చేస్తారు.

ఇది తప్పా? కాదు. నమ్మకం ఉన్న మనిషికి రాత్రంతా మేలుకునే ఓపిక వస్తుంది. ఆమె మొహంలో ధైర్యం చూస్తే రోగికి నాలుగు ముద్దలు తినాలనిపిస్తుంది.

అయితే నమ్మకం రెండు దారులు పట్టొచ్చు. "తాయెత్తు కట్టాం, మూడు వారాలు చూద్దాం" అనేది ఒక దారి. ఆ మూడు వారాల్లో పాదం దగ్గరున్న వాపు మోకాలి దాకా పాకుతుంది. రెండో దారి ఎట్లా ఉంటుందో వినండి.

"ఏమే, మంత్రం వేయించి చూద్దామా? ఆసుపత్రికి పోతే కాలు తీసేస్తారంట."

"పోతే తీసేయరయ్యా. ఆలస్యంగా పోతేనే తీసే గతి పడుతుంది. ముడుపు కట్టాను. ఆటో కూడా పిలిచాను. లెయ్."

చూశారా! ఈమె నమ్మకం కాళ్ళకు బంధం వెయ్యలేదు. దారి చూపింది.

ఇంట్లో చేయాల్సిన పనులు

దెబ్బ తగలగానే సబ్బుతో, మంచి నీళ్ళతో కడగాలి. శుభ్రమైన గుడ్డ కట్టాలి. పేడ, సున్నం, బూడిద, కాఫీ పొడి, ఆకు పసరు పెట్టొద్దు. ధనుర్వాతం సూది సంగతి ఆసుపత్రిలో అడగాలి.

కాలు ఎర్రబడితే ఆ ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీయండి. పక్కన తేదీ, టైము రాయండి. ఎరుపు గీత దాటిందంటే జబ్బు పాకుతున్నట్టే. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పడుకున్నప్పుడు కాలు దిండు మీద ఎత్తుగా పెట్టాలి.

మందు చీటీ మీద 1-0-1 అని రాసి ఉంటుంది. అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. ఇప్పుడు మీకు చదువు వచ్చింది కదా! వేసిన మందును ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

"పప్పు తింటే చీము పడుతుంది" అంటారు. అది నిజం కాదు. పుండు మానాలంటే పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగలు తినాలి. షుగరు ఉంటే అన్నం ఎంత తినాలో డాక్టరును అడగాలి.

చర్మం నల్లబడినా, బొబ్బలు లేచినా, నొప్పి భరించలేనంత ఉన్నా, మనిషి మగతగా ఉన్నా, ఆయాసం వచ్చినా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో ఈ బండ్లు 2005 నుంచి తిరుగుతున్నాయి. దానికి డబ్బు ఇవ్వక్కర్లేదు.

మందు మధ్యలో ఆగితే?

పెన్సిలిన్ అనే మందును 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనిపెట్టాడు. 1941 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసుకు ఆ మందు ఇచ్చారు. ఆయన పేరు ఆల్బర్ట్ అలెగ్జాండర్. ఒంట్లో చీము పాకి చావుబతుకుల్లో ఉన్నాడు. మందు పడగానే జ్వరం తగ్గింది. అన్నం తిన్నాడు. కానీ అప్పట్లో ఆ మందు చాలా కొంచెమే ఉండేది. అయిదు రోజులకే అయిపోయింది. జబ్బు తిరగబెట్టింది. మార్చిలో ఆయన చనిపోయాడు.

ఆయనకు మందు దొరకలేదు. మనకు దొరుకుతుంది. అయినా జ్వరం తగ్గగానే మానేస్తాం. డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. జ్వరం ముందు తగ్గుతుంది. వాపు తగ్గడానికి వారాలు పట్టొచ్చు. నమ్మకం ఎక్కువగా కావాల్సింది ఆ వారాల్లోనే. రెండు మూడు రోజులైనా ఏమీ తగ్గకపోతే మాత్రం మళ్ళీ ఆసుపత్రికి పోవాలి.

ఇంత చేసినా ఒక్కోసారి వేలో, కాలో తీయాల్సి వస్తుంది. అప్పుడు "ఆమె మొక్కు ఫలించలేదు, ఆమె అదృష్టం అంతే" అని ఇరుగుపొరుగు అనొద్దు. ప్రాణం నిలిచింది కదా! 1968లో తయారైన జైపూర్ కాలు పెట్టుకుని ఎంతోమంది నడుస్తున్నారు, పనులు చేసుకుంటున్నారు.

ఇంకో మాట. ఆడవాళ్ళకూ కాలికి దెబ్బ తగులుతుంది. చాలామంది ఎవరికీ చెప్పరు. కుంటుకుంటూనే కూలికి పోతారు. భార్యకు పుండైతే భర్త కట్టు కట్టాలి. అన్నం వండి పెట్టాలి. రాత్రి మేలుకోవాలి. నమ్మకం నిలబెట్టే పని ఇద్దరిదీ.

ఆలోచించండి

1. మీ ఊళ్ళో దెబ్బ తగిలితే ముందు ఏం పెడతారు?
2. 1-1-1 అంటే ఏమిటి? రాయండి.
3. మీ ఇంట్లో భార్య మంచాన పడితే ఎవరు చూసుకుంటారు? ఇంట్లో మాట్లాడుకోండి.