గుర్రం నడిస్తే చాలదు, కాగితమూ నడవాలి

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల మనవారికి గుర్రమంటే ఒకప్పుడు జట్కాకు కట్టేది, లేదా పెండ్లికొడుకు ఊరేగింపుకు తెప్పించేది. ఇప్పుడు కాలం మారింది. బెంగుళూరు విమానాశ్రయం దారిలో ఎంబసీ స్వారీ పాఠశాల వంటివి వెలిశాయి. మన పిల్లలకూ స్వారీ మీద ముచ్చట కలుగుతున్నది. కొన్నాళ్ళు నేర్చుకున్నాక "డ్రెస్సాజ్ పోటీకి పేరిస్తాం" అంటారు. అప్పుడు తండ్రి ముందుకు వచ్చేది గుర్రం కాదు, కాగితాల కట్ట. ఫైళ్ళ మధ్య బతికే గుమాస్తాలం గనుక ఆ కట్ట విప్పి చెప్పడం మా వంతనుకున్నాము.

డ్రెస్సాజ్ పరుగుపందెం కాదు. 20 మీటర్ల వెడల్పు, 40 లేక 60 మీటర్ల పొడవు గల బరి చుట్టూ అక్షరాలు నిలబెడతారు. ఏ అక్షరం వద్ద నడక, ఎక్కడ ట్రాట్, ఎక్కడ ఆగడం అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఒక్కొక్క కదలికకు నిర్ణేతలు 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. గుర్రమూ మనిషీ ఒకరి మాట ఒకరు వినడమే ఇందులో విద్య.

ఇక కాగితాలు. మొదటిది పిల్లవానిది. పిల్లల పోటీలలో వయస్సును బట్టి తరగతులు గనుక జనన ధృవపత్రం చూపవలసి ఉంటుంది. మన ఇళ్ళలో చిక్కు ఇక్కడే. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాము. ఇక్కడి బడిలో తండ్రి పేరు తాలూకు పొడి అక్షరం చివర చేరుతుంది. ఆధార్‌లో మరో తీరు. ఒకే పిల్ల కాగితాల మీద ముగ్గురు పిల్లలవుతుంది. ధృవపత్రంలో తప్పు దొర్లితే 1969 నాటి జనన మరణ నమోదు చట్టం 15వ సెక్షను ప్రకారం దిద్దే అధికారం రిజిస్ట్రారుది. ఆ పని ఒక్కరోజులో తెమిలేది కాదు. కనుక పోటీ ప్రకటన వెలువడక మునుపే అన్ని కాగితాలలో పేరు ఒక్కటి చేసుకోవడం మేలు.

రెండవది గుర్రానిది. గుర్రానికీ పాస్‌పోర్టు ఉన్నదంటే పెద్దవాళ్ళు నవ్వుతారు గాని, అది నిజమే. దానిమీది మచ్చలు, సుళ్ళు, వేసిన టీకాలు అందులో వ్రాసి ఉంటాయి. అంతర్జాతీయ నియమం ప్రకారం గుర్రం పోటీస్థలానికి చేరే ముందు 7 రోజులలో ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయరాదు. గ్లాండర్స్ అనే రోగం లేదన్న పరీక్షాపత్రం కూడా అడుగుతారు. ఆ రోగానికి టీకా లేదు. గుర్రం నుంచి మనిషికీ సోకి ప్రాణం తీయగలదు. ఈ కాగితం లాంఛనం కాదు సుమా!

దీని విలువ ఎంతటిదో చూడండి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా మన దేశానికి డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం తెచ్చారు. 1982 తరువాత స్వారీలో అదే మొదటి స్వర్ణం. నలుగురిలో ఇద్దరు ఆడపిల్లలే. కాని వారెక్కిన గుర్రాలు యూరపు నుంచి వెళ్ళినవి. మన గుర్రాల ఆరోగ్యపత్రాలకు పైదేశాలలో చెల్లుబాటు లేకపోవడమే అందుకు కారణం. 2025లో మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రానికి అశ్వరోగ రహిత స్థలంగా అంతర్జాతీయ గుర్తింపు లభించి, దారి కాస్త తెరుచుకున్నది.

మూడవది తలిదండ్రుల సంతకం. "ప్రమాదం జరిగితే నిర్వాహకులు బాధ్యులు కారు" అన్న వాక్యం కింద మనం వ్రాలు చేయాలి. మా బంధువులింట ఒక తల్లి ఈ వాక్యం చదివి కలం కింద పెట్టేసింది. దాన్ని పిరికితనమనలేము. ఆమె గురువుగారిని మూడు ప్రశ్నలడిగింది: "మా అమ్మాయి ఆ గుర్రం ఎన్నాళ్ళుగా ఎక్కుతున్నదండీ? హెల్మెట్టు తలకు సరిపోయిందో లేదో ఎవరు చూస్తారు? పడితే దగ్గరలో వైద్యుడున్నాడా?" జవాబులు విన్నాకే సంతకం పెట్టింది. గురువుగారు ఏమీ అనుకోలేదు. అడగవలసినవే అడిగారమ్మా అన్నారట.

మన ఇళ్ళలో ఆ వాక్యం ఇద్దరూ చదవాలి, పిల్లలకూ చదివి వినిపించాలి. దరఖాస్తును కడపటి తేదీ దాకా ఆపకుండా పంపి, నకలు ఒకటి ఇంట ఉంచుకుని, రుసుముకు రసీదు అడిగి పుచ్చుకోండి.